ఎలీట్ డేంజరస్‌లో పైరేట్ల చేతిలో పేలిపోకుండా ఉండాలంటే ముందు థ్రాటిల్ నేర్చుకో

తమ్ముడూ, నీ ప్రశ్న ముందు ఒకసారి ఇక్కడ చెప్పేస్తాను. ఇదే ఇబ్బందిలో ఉన్న ఇంకో నలుగురికి పనికొస్తుంది. అంతరిక్షంలో షిప్ నడిపే ఎలీట్ డేంజరస్ గేమ్ సేల్‌లో కొన్నావు. మొదట్లో ఉచితంగా ఇచ్చే సైడ్‌వైండర్ షిప్‌లోనే తిరుగుతున్నావు. సరుకు మోసి కాస్త డబ్బు చేసుకున్నావు, అదే సరుకుతో దారిలో బౌంటీ వేటకి, అంటే తలకి వెల ఉన్న నేరస్తుల షిప్‌లని కొట్టే పనికి, దిగావు, వారంలో నాలుగుసార్లు పేలిపోయావు. "శత్రువు ఎప్పుడూ నా వెనకే ఉంటాడు అన్నా, నేను తిరిగేలోపు షీల్డ్ పోతుంది. కీబోర్డ్, మౌస్‌తో ఈ గేమ్ కుదరదా? జాయ్‌స్టిక్ కొనాలా, షిప్ మార్చాలా?" అని అడిగావు.

ఇప్పుడే ఆ రెండూ వద్దు. జాయ్‌స్టిక్ కొన్నా ఇలాగే ఓడిపోతావు, పెద్ద షిప్ కొంటే ఇంకా ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటావు. నేను 2015 నుంచి ఈ గేమ్ ఆడుతున్నాను. కొత్తగా వచ్చిన చాలామందిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. దాదాపు అందరి దగ్గరా ఒకటే కనిపించింది. థ్రాటిల్ (వేగం పెంచే, తగ్గించే మీట) మొత్తం ముందుకు నెట్టేసి, కళ్ళు శత్రువు మీద పెట్టి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీయరు. ఈ గేమ్‌లో గురి చూడటం చివరి పని. అంతకన్నా ముందు రెండు పనులున్నాయి: వేగం, కరెంటు పంపకం.

ముందు వేగం సంగతి. నీ స్క్రీన్ మీద రాడార్ పక్కనే థ్రాటిల్ గీత ఉంటుంది కదా, దాని మధ్యలో నీలం రంగు ముక్క ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుని వదిలేస్తారు. నీ షిప్ అన్నిటికన్నా చురుగ్గా తిరిగేది వేగం ఆ నీలం ముక్కలో ఉన్నప్పుడే. పూర్తి వేగంలో వెళ్తూ ముక్కు తిప్పావంటే షిప్ తిరుగుతుంది గానీ మెల్లగా తిరుగుతుంది, పైగా పాత దిశలోనే జారుకుంటూ పోతుంది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో బైక్ నడిపినవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది. మలుపు రాకముందే గేర్ దించుతాం, మలుపులోకి వెళ్ళాక కాదు. ఇక్కడా అంతే. శత్రువు నిన్ను దాటి వెనక్కి వెళ్ళే క్షణానికే నీ వేగం నీలంలోకి వచ్చి ఉండాలి.

రెండో పొరపాటు మౌస్‌ది. నువ్వు రాసిన దాంట్లో "షిప్ దానంతట అదే తిరుగుతూనే ఉంటుంది" అన్న ముక్క ఒకటి ఉంది. అది షిప్ తప్పు కాదు. ఈ గేమ్‌లో మౌస్‌ని పక్కకి జరిపి వదిలేస్తే అది జాయ్‌స్టిక్‌ని వంచి పట్టుకున్నట్టే లెక్క, మళ్ళీ నువ్వు మధ్యకి తెచ్చేదాకా షిప్ తిరుగుతూనే ఉంటుంది. కంట్రోల్స్ సెట్టింగ్స్‌లో రిలేటివ్ మౌస్ అనే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేస్తే చెయ్యి ఆపగానే గుర్తు మధ్యకి వచ్చేస్తుంది. నీ ఇబ్బందుల్లో మూడో వంతు అక్కడే తీరిపోతుంది, నిజంగా చెప్తున్నాను.

ఇంకోటి. గాల్లో విమానం పక్కకి తిరిగినట్టు ఇక్కడ తిరగాలని చూడకు. ఈ గేమ్‌లోని షిప్‌లు ముక్కుని పైకీ కిందకీ వేగంగా ఎత్తగలవు, ఎడమకీ కుడికీ మాత్రం బద్ధకంగా తిరుగుతాయి. ఏ, డి కీలు నొక్కి పక్కకి తిరుగుతూ శత్రువుని పట్టుకోవాలని చూస్తే వాడు ఎప్పటికీ దొరకడు. ముందు షిప్‌ని దొర్లించు. శత్రువు నీ తల మీద, షిప్ ముందు అద్దం పైభాగంలోకి వచ్చేదాకా దొర్లించి, అప్పుడు ముక్కు పైకి లాగు. దొర్లించు, లాగు. మొదటి వారం ఈ రెండు మాటలే జపించుకో. ముక్కు లాగేటప్పుడు ఆర్ కీతో షిప్‌ని పైకి నెట్టే చిన్న ఇంజిన్, థ్రస్టర్ కూడా కలిపావంటే మలుపు ఇంకా బిగుస్తుంది, జారుడు తగ్గుతుంది. ఇది చేతికి అలవాటవడానికి పది పదిహేను గంటలు పడుతుంది. ఆ తర్వాత ఆలోచించకుండానే వచ్చేస్తుంది.

ఇక కరెంటు సంగతి. నా దృష్టిలో ఈ గేమ్ యుద్ధమంతా ఇక్కడే ఉంది. రాడార్ కుడి పక్కన మూడు చిన్న నిలువు గడులు ఉంటాయి: సిస్టమ్స్, ఇంజిన్స్, వెపన్స్. మొత్తం ఉన్నవి 6 పిప్స్, అంటే కరెంటు వాటాలు, ఒక్కో గడిలో ఎక్కువలో ఎక్కువ 4 పడతాయి. మొదట్లో రెండేసి చొప్పున ఉంటాయి. నువ్వు వాటిని ముట్టుకోకుండానే నాలుగు యుద్ధాలు చేశావని నాకు గట్టి నమ్మకం.

దీన్ని పొలానికి నీళ్ళు కట్టినట్టు ఆలోచించు. బోరు ఒకటే, మడులు మూడు. ఒక మడికి మడవ తీశావంటే మిగతా రెంటికీ నీళ్ళు తగ్గుతాయి. అన్నిటికీ సమానంగా వదిలేస్తే ఏ మడీ సరిగా తడవదు. రైతు ఏం చేస్తాడు? ఈ గంటలో ఏ మడికి అవసరమో దానికి తిప్పుతాడు, అక్కడే నిలబడి చూసుకుంటాడు. నువ్వూ అదే చెయ్యాలి, కాకపోతే గంటకోసారి కాదు, అయిదారు సెకన్లకోసారి.

కీబోర్డులో బాణం గుర్తుల కీలే మడవలు. ఎడమది సిస్టమ్స్‌కి, పైది ఇంజిన్స్‌కి, కుడిది వెపన్స్‌కి, కిందిది నొక్కితే మళ్ళీ రెండేసి. రెండేసి ఉన్నప్పుడు పై బాణం రెండుసార్లు నొక్కితే ఇంజిన్‌కి 4, మిగతా రెంటికీ ఒక్కొక్కటి వస్తాయి. కాబట్టి ప్రతి మార్పుకీ ఒకటే వరస: కింద ఒకసారి, కావలసిన వైపు రెండుసార్లు. టీవీ చూస్తూ కూడా ఈ మూడు నొక్కులు వేళ్ళకి అలవాటు చెయ్యి.

సిస్టమ్స్ గురించి కొత్తవాళ్ళకి తెలియని ముఖ్యమైన సంగతి ఒకటుంది. అక్కడ పిప్స్ పెడితే షీల్డ్ త్వరగా నిండుతుంది అన్నది అందరికీ తెలుసు. కానీ పిప్స్ ఎక్కువ ఉన్నప్పుడు అదే షీల్డ్ మీద పడే దెబ్బ కూడా అప్పటికప్పుడు బాగా తగ్గిపోతుంది. అంటే శత్రువు ఎదురుగా వచ్చి కాలుస్తున్న ఆ మూడు నాలుగు సెకన్లలో సిస్టమ్స్‌కి 4 పెట్టావంటే, షీల్డ్ గట్టి తోలు కప్పుకున్నట్టు ఉంటుంది. వాడు నిన్ను దాటిపోగానే ఆ పిప్స్ అక్కడ ఉండి ప్రయోజనం లేదు, ఇంజిన్‌కి మార్చు. ఇంజిన్‌కి ఎక్కువ పెడితే వేగమూ పెరుగుతుంది, తిరగడమూ చురుగ్గా ఉంటుంది. వాడి వెనక చేరాక వెపన్స్‌కి మార్చి కాల్చు.

ఒక యుద్ధం అచ్చంగా ఎలా సాగుతుందో చెప్తాను, చూడు. సైడ్‌వైండర్‌లో ఉన్న రోజుల్లో నావ్ బీకన్ (షిప్‌లు వచ్చిపోయే దారి గుర్తు) దగ్గర ఈగిల్ అనే చిన్న యుద్ధ షిప్ మీద నేను మొదటిసారి తృప్తిగా గెలిచిన యుద్ధం ఇది. స్కాన్ పూర్తయింది, పేరు కింద వాంటెడ్ అని పడింది. యూ కీ నొక్కి ఆయుధాలు బయటికి తీశాను. వాడు ముక్కు నా వైపు తిప్పి సూటిగా వస్తున్నాడు. దూరం మూడు కిలోమీటర్లు. నాకు చెయ్యి దురద పెడుతోంది, అయినా కాల్చలేదు. కింద, ఎడమ, ఎడమ. సిస్టమ్స్ 4. థ్రాటిల్ సగానికి దించాను. కిలోమీటరున్నర దగ్గర వాడి లేజర్లు మొదలయ్యాయి, షీల్డ్ మీద నీలం మెరుపులు, కానీ షీల్డ్ ఎంత ఉందో చూపే ఉంగరం కొంచెమే తరిగింది. వాడు నా తల మీదుగా రివ్వున దాటాడు. అదే క్షణంలో కింద, పైన, పైన. ఇంజిన్స్ 4. వేగం నీలంలోనే ఉంది. రాడార్‌లో వాడి గుర్తు వెనక్కి జరుగుతోంది, దాని కాడ పైకి ఉంది, అంటే వాడు నాకు పైన ఉన్నాడు. దొర్లించాల్సిన పనే లేదు. ముక్కు పైకి లాగాను, ఆర్ కీ పట్టుకున్నాను. నక్షత్రాలన్నీ కిందకి కారిపోయాయి. వాడు ఇంకా పూర్తి వేగంతో వెడల్పు చుట్టు కొడుతున్నాడు, నేను లోపలి చుట్టులో ఉన్నాను. రెండు ఊపిర్లు తీసేసరికి వాడి ఇంజిన్ల ఎర్రటి వెలుగు అద్దం పైఅంచున కనిపించింది. కింద, కుడి, కుడి. అప్పుడు ట్రిగ్గర్.

ఆ తర్వాత వాడు నా వైపు తిరగలేకపోయాడు. తిరగబోయినప్పుడల్లా నేను థ్రాటిల్‌తో వాడి వెనకే ఉన్నాను. పైరేట్ కంప్యూటర్ ఆడే ఆటే అయినా, మొదటిసారి ఇలా వెనక నుంచి తగులుకున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నీకూ ఆ క్షణం రావాలని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆయుధాల గురించి ఎక్కువ తల బద్దలు కొట్టుకోకు. లేజర్ షీల్డ్‌ని బాగా తింటుంది, మల్టీకానన్ తూటాలు షీల్డ్ పోయాక లోపలి లోహాన్ని బాగా తింటాయి. సైడ్‌వైండర్‌కి ఆయుధాల చోట్లు రెండే కాబట్టి ఒకదాంట్లో పల్స్ లేజర్, ఇంకోదాంట్లో మల్టీకానన్ పెట్టు. రెండూ జింబల్ రకమే కొను. అవి శత్రువు వైపు కొంచెం వాటంతట అవే తిరుగుతాయి, మౌస్ చేతివాటం కుదిరేదాకా అవే మేలు. ఫిక్స్‌డ్ రకం దెబ్బ గట్టిది గానీ గురి నీదే. ఒకటి మాత్రం గుర్తుంచుకో: శత్రువు చాఫ్ వదిలితే తళతళా మెరిసే పొడి లేస్తుంది, అప్పుడు జింబల్ ఆయుధాలు తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతాయి. ఆ కొన్ని సెకన్లు టార్గెట్ తీసేసి కాల్చు, ఆయుధాలు సూటిగా ముందుకే నిలబడతాయి.

ఇప్పుడు నువ్వు నాలుగుసార్లు పోవడానికి అసలు కారణం. సరుకుతో వేటకి వెళ్ళావు. పైరేట్లు వచ్చి ముందు నీ షిప్‌ని స్కాన్ చేస్తారు. లోపల ఏమీ లేకపోతే చాలాసార్లు పట్టించుకోకుండా వెళ్ళిపోతారు. నాలుగు టన్నుల సరుకు ఉందంటే ఇద్దరు ముగ్గురు కలిసి నీ మీదే పడతారు. కాబట్టి వేటకి వెళ్ళే ముందు స్టేషన్‌లో దిగి గోదాం ఖాళీ చెయ్యి. ఖాళీగా వెళ్తే ఎవరితో, ఎప్పుడు మొదలుపెట్టాలో నువ్వే తేల్చుకోవచ్చు.

ఎక్కడికి వెళ్ళాలి? గ్రహాల వలయాల్లో ఉండే రిసోర్స్ ఎక్స్‌ట్రాక్షన్ సైట్లలో (ఖనిజాలు తవ్వే చోట్లలో) "లో" (తక్కువ ప్రమాదం) అని రాసి ఉన్నవాటితో మొదలుపెట్టు, లేదా పోలీసులు తిరిగే నావ్ బీకన్‌కి వెళ్ళు. హజార్డస్ అని రాసి ఉన్నచోట పోలీసులు ఉండరు, అటు వైపు ఇప్పుడు చూడను కూడా చూడకు. పోలీసు షిప్‌లు ఒక పైరేట్‌తో తలపడుతుంటే నువ్వూ వెళ్ళి నాలుగు దెబ్బలు వెయ్యి. చంపింది వాళ్ళైనా, నీ దెబ్బలు తగిలి ఉన్నాయి కాబట్టి బౌంటీ నీకూ వస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నేనూ మొదటి నెల అలాగే సంపాదించాను. కానీ రెండు జాగ్రత్తలు. స్కాన్ పూర్తయి వాంటెడ్ అని కనిపించేదాకా వేలు ట్రిగ్గర్ మీద వద్దు, ముందే కాలిస్తే నేరం నీ మీద పడుతుంది. పోలీసు షిప్ నీకూ శత్రువుకీ మధ్యలోకి వస్తే వెంటనే ఆపు. ఒకసారి నేను ఆపలేదు. లేజర్ పోలీసు షిప్ మీద రెండు సెకన్లు ఆడింది, అంతవరకూ నాకు సాయం చేస్తున్న ముగ్గురూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఆ రోజు సాయంత్రం సంపాదించిన బౌంటీ వోచర్లన్నీ షిప్‌తో పాటు పోయాయి. స్టేషన్‌లో డబ్బుగా మార్చుకునేదాకా ఆ వోచర్లు నీవి కావు అని అప్పుడు బాగా తెలిసొచ్చింది. షిప్ పేలితే అవీ పోతాయి. అందుకే రెండు మూడు మంచి బౌంటీలు పడగానే వెళ్ళి మార్చుకో.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. షిప్ పేలితే తిరిగి తెచ్చుకోవడానికి దాని విలువలో 5 శాతం కట్టాలి. సైడ్‌వైండర్‌కి అది లెక్కలోకి రాదు. కానీ ఉన్న డబ్బంతా పెట్టి పెద్ద షిప్ కొని, జేబులో ఆ 5 శాతం లేకుండా బయటికి వెళ్ళిన కుర్రాళ్ళని చూశాను. ఒక్క యుద్ధంతో మళ్ళీ సైడ్‌వైండర్ దగ్గరికి వచ్చారు, ఇద్దరు గేమే మానేశారు. కనీసం రెండుసార్లు తిరిగి తెచ్చుకునే డబ్బు చేతిలో లేకపోతే ఆ షిప్ నీది కాదనుకో.

దారిలో సూపర్‌క్రూజ్‌లో, అంటే గ్రహాల మధ్య అతివేగంగా, వెళ్తుంటే ఎవడో లాగి ఆపేస్తాడు కదా, అప్పుడు పోరాడి తప్పించుకోవాలని చూస్తున్నావని రాశావు. సరుకు ఉన్నప్పుడు ఆ పోరాటం వద్దు. థ్రాటిల్ సున్నాకి దించి లొంగిపో. వినడానికి పిరికితనంలా ఉంటుంది, కానీ లొంగిపోతే నీ జంప్ ఇంజిన్ త్వరగా చల్లబడి మళ్ళీ సిద్ధమవుతుంది. పోరాడి ఓడిపోతే చాలాసేపు ఆగాలి, ఆ లోపు నిన్ను పేల్చేస్తారు. లొంగి బయటపడగానే ఇంజిన్స్‌కి 4, ట్యాబ్ నొక్కి బూస్ట్, నేరుగా పారిపో. వెంటపడే షిప్ పెద్దదైతే అది దగ్గరలో ఉన్నంతసేపూ నీ జంప్ ఇంజిన్ మెల్లగా ఎక్కుతుంది. అలాంటప్పుడు పక్క నక్షత్ర మండలానికే గురి పెట్టు. వేరే మండలానికి చేసే జంప్‌ని ఆ పెద్ద షిప్ బరువు అడ్డుకోలేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది సరుకు పోగొట్టుకున్నారో!

షిప్‌ని తిన్నగా నిలబెట్టే కంప్యూటర్ సాయం, ఫ్లైట్ అసిస్ట్ గురించి కూడా అడిగావు. జెడ్ కీతో అది ఆపితే షిప్ అసలైన అంతరిక్షంలోలా ప్రవర్తిస్తుంది. వెళ్తున్న దిశలో వెళ్తూనే ముక్కు వెనక్కి తిప్పి కాల్చవచ్చు. అందంగా ఉంటుంది. యూట్యూబ్‌లో చూసి వెంటనే మొదలుపెట్టేస్తారు, తర్వాత గిరగిరా తిరుగుతూ గ్రహశకలానికి గుద్దుకుంటారు. ఒక నెల ఆగు. మామూలుగా వంద మందిని కొట్టాక, ఒక్కో మలుపులో అర సెకను మాత్రం ఆపి మళ్ళీ ఆన్ చెయ్యడం నేర్చుకో. మొత్తం ఆపి ఆడేవాళ్ళు వేరే, వాళ్ళ సాధన ఏళ్ళది.

జాయ్‌స్టిక్ సంగతి ఇప్పుడు చెప్తాను. కీబోర్డు, మౌస్‌తో ఈ గేమ్‌లో ఎలీట్ ర్యాంకు దాకా వెళ్ళినవాళ్ళు ఉన్నారు, జింబల్ లేకుండా గురి చూడటానికి మౌస్ నిజంగా బాగుంటుంది. ఎక్స్‌బాక్స్ ప్యాడ్ ఉంటే అదీ సరిపోతుంది. హోటాస్, అంటే జాయ్‌స్టిక్, థ్రాటిల్ రెండూ ఉండే సెట్, ఇచ్చేది గెలుపు కాదు, ఆనందం. ఎడమ చెయ్యి థ్రాటిల్ మీద ఉన్నప్పుడు వేగాన్ని కళ్ళతో చూడక్కర్లేదు, మణికట్టుకే తెలుస్తుంది. రెండు నెలల తర్వాత కూడా గేమ్ మీద ఇష్టం అలాగే ఉంటే అప్పుడు కొనుక్కో. మన ఇళ్ళలో దానికన్నా ముందు కావలసింది ఇంకోటుంది: కంప్యూటర్‌తో పాటు రౌటర్‌కి కూడా యూపీఎస్. ఒంటరిగా సోలో మోడ్‌లో ఆడినా ఈ గేమ్‌కి ఇంటర్నెట్ ఉండి తీరాలి. పైగా అందరితో కలిసి ఆడే ఓపెన్ మోడ్‌లో ఇంకో మనిషితో యుద్ధం మధ్యలో కరెంటు పోతే, ఓడిపోతానని ప్లగ్గు పీకేశాడనుకుంటారు. అందుకే నేర్చుకున్నన్నాళ్ళూ సోలోలోనే ఉండు.

ఈ గేమ్ మీద నాకింత మమకారం ఎందుకో కూడా చెప్తాను. దీని మూలం 1984లో వచ్చిన ఎలీట్. కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్ళు బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం రాశారు. ఆ కంప్యూటర్ మెమరీ 32 కిలోబైట్లు. అందులోనే ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాలు పెట్టారు. అదే బ్రేబెన్ స్థాపించిన ఫ్రాంటియర్ సంస్థ 2014 డిసెంబర్‌లో ఎలీట్ డేంజరస్ విడుదల చేసింది, ఈసారి మొత్తం పాలపుంతనే, 40 వేల కోట్ల నక్షత్ర మండలాలతో. నువ్వు ఇప్పుడు చూస్తున్న హార్మ్‌లెస్, మోస్ట్లీ హార్మ్‌లెస్ అనే మొదటి రెండు ర్యాంకుల పేర్లు ఆ మొదటి గేమ్ నుంచి వచ్చినవే. ఇంధనం అయిపోయి ఎక్కడో చిక్కుకుంటే ఫ్యూయల్ ర్యాట్స్ అనే ఆటగాళ్ళ బృందం ఎంత దూరమైనా వచ్చి, పైసా తీసుకోకుండా ఇంధనం నింపి వెళ్తుంది. అలాంటి మనుషులున్న గేమ్‌ని నాలుగు పేలుళ్ళకి వదిలేయకు.

షిప్ మార్చే వేళకి ఏది కొనాలో కూడా చెప్పేస్తాను. తర్వాత వైపర్ ఎంకే త్రీ, దానిలో చెయ్యి తిరిగాక వల్చర్. వల్చర్‌కి ఆయుధాల చోట్లు రెండే, కానీ రెండూ పెద్దవి, పైగా అది బొంగరంలా తిరుగుతుంది. అనకొండ లాంటి కొండంత షిప్ పొట్ట కింద చేరి, షీల్డ్ పోగానే దాని పవర్ ప్లాంట్‌ని విడిగా టార్గెట్ చేసి కొట్టడం వల్చర్‌లో ఉన్నంత హాయిగా ఇంకెందులోనూ ఉండదు. వల్చర్‌కి కరెంటు చాలదు, ఏ మాడ్యూల్ (షిప్‌లో అమర్చే పరికరం) ఆపాలి, ఏది ఉంచాలి అన్నది పెద్ద కథ.

ఇవాళ రాత్రికి మాత్రం ఇంతే చెయ్యి. రిలేటివ్ మౌస్ ఆన్ చెయ్యి. మెయిన్ మెనూలో ట్రైనింగ్‌కి వెళ్ళి యుద్ధం పాఠం అయిదుసార్లు ఆడు, అక్కడ పేలినా డబ్బు పోదు. మొదటి రెండుసార్లు అసలు కాల్చకు, నీలం ముక్కలో ఉంటూ శత్రువుని అద్దంలోంచి జారిపోకుండా పట్టుకోవడమే పని. మూడోసారి నుంచి పిప్స్ కలుపు. రేపు గోదాం ఖాళీ చేసుకుని నావ్ బీకన్‌కి వెళ్ళు. పది మందిని కొట్టాక ఏ షిప్‌తో ఇబ్బంది పడ్డావో, అప్పుడు పిప్స్ ఎక్కడున్నాయో రాయి, అక్కడి నుంచి చూద్దాం.